చార్‌బాగ్‌లో మొక్క: మొగలాయి, దక్కనీ ఉద్యానాల రూపకల్పన - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉద్యానచరిత్రలో గోడలు, కాలువలు, మండపాలు మిగిలినంతగా మొక్కలు మిగలవు. అందువల్ల చార్‌బాగ్‌ను మనం ఒక జ్యామితీయ చిత్రంగా చదవడానికి అలవాటు పడ్డాం. ఆ చిత్రంలో మొక్క కూడా రాయి, నీరు వలె ఆలోచించి ఎంచుకున్న రూపకల్పన సామగ్రి అని 16, 17 శతాబ్దాల ఆధారాలు తెలుపుతున్నాయి. మొక్కల ఎంపికలో వచ్చిన మార్పులను హెరాత్ నుంచి ఆగ్రా మీదుగా గోల్కొండ వరకు అనుసరించి, వలసపాలన కాలంలో పచ్చిక వాటి స్థానంలోకి వచ్చిన తీరును వివరించి, నేటి పునరుద్ధరణలకు అవసరమైన కొన్ని ప్రమాణాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చార్‌బాగ్, ఉద్యానచరిత్ర, మొగలాయిలు, కుతుబ్‌షాహీలు, పచ్చిక, వారసత్వ పరిరక్షణ

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నగరంలో బషీర్‌బాగ్, కుందన్‌బాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట వంటి పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ‘బాగ్’ అంటే తోట. పేరులో తోట ఉన్నది. నేల మీద చాలాచోట్ల లేదు. తోటకు సంబంధించిన స్మృతి ఇంత తొందరగా చెదిరిపోవడానికి నగర విస్తరణ ఒక్కటే కారణం కాదు. తోట నిర్మాణంలో ప్రధానమైన సామగ్రి సజీవమైనది కావడం అంతకంటె మౌలికమైన కారణం. రాతిగోడను వదిలేస్తే నాలుగు వందల ఏళ్లు నిలుస్తుంది. మల్లెపొదను నాలుగు వేసవులు వదిలేస్తే మిగలదు.

ఈ వాస్తవం చరిత్ర రచననూ ప్రభావితం చేసింది. చార్‌బాగ్‌ను గురించిన సాధారణ వివరణలు నాలుగు భాగాలు, రెండు కాలువలు, మధ్యలో కట్టడం అనే నిర్వచనంతో మొదలై అక్కడే ముగుస్తాయి. ఆ నాలుగు భాగాలలో ఏమి నాటారు, ఎందుకు నాటారు, ఆ మొక్క ఆ చోట ఏ పని చేసింది అనే ప్రశ్నలు వెనుకబడతాయి. ఖాళీ గడులతో కూడిన పటమే తోటగా పరిగణింపబడుతుంది. ఆ ఖాళీని ఏ పచ్చదనంతో నింపినా ఫరవాలేదన్న భావన కూడా దాని నుంచే పుట్టింది. ఈ భావనను చారిత్రక ఆధారాలతో పరీక్షించవలసి ఉన్నది.

2. రూపకల్పన సామగ్రిగా మొక్క

ఒక నిర్మాత రాతిని దాని గట్టిదనం, రంగు, చెక్కడానికి అనువు చూసి ఎంచుకుంటాడు. తోటను రూపొందించేవాడు మొక్కను ఎంచుకునేటప్పుడు కనీసం అయిదు గుణాలను చూస్తాడు: నీడ, హద్దు, రంగు, పరిమళం, కాలం. మొదటి నాలుగూ అందరికీ తెలిసినవే. అయిదవది మొక్కకు మాత్రమే చెందిన గుణం. నాటిన రోజున కనిపించే రూపం తోట రూపం కాదు. ఇరవై ఏళ్ల తరువాత కొమ్మలు ఎంత దూరం సాగుతాయో ముందే ఊహించి ఇవాళ గుంత తవ్వాలి. ఏ పువ్వు ఏ ఋతువులో, రోజులో ఏ వేళకు విచ్చుకుంటుందో కూడా రూపకల్పనలో భాగమే.

ఈ అవగాహన చార్‌బాగ్‌తో పాటు భారతదేశానికి వచ్చినది కాదు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని ‘బృహత్సంహిత’లోని వృక్షాయుర్వేదాధ్యాయం చెట్ల మధ్య దూరం 20 హస్తాలు ఉత్తమమనీ, 16 మధ్యమమనీ, 12 అధమమనీ నిర్దేశిస్తుంది. కొమ్మలూ వేళ్లూ ఒకదానితో ఒకటి పెనవేసుకున్న చెట్లు సరిగా కాయవని హెచ్చరిస్తుంది. హస్తాన్ని ఒకటిన్నర అడుగుగా తీసుకుంటే 20 హస్తాలు 30 అడుగులు. నేటికీ మామిడి తోటల్లో సంప్రదాయకంగా పాటించే పది మీటర్ల ఎడం దీనికి దగ్గరగా ఉండడం గమనార్హం. తోటలో ముందుగా నాటవలసిన మంగళప్రదమైన చెట్లుగా అశోకం, పున్నాగం, శిరీషం వంటివాటిని పేర్కొనడాన్ని బట్టి, నాటడంలో వరుస, ఎడం, ఎంపిక అనే మూడు అంశాలూ అప్పటికే శాస్త్రచర్చలో భాగమని తెలుస్తున్నది. మొగలాయిలు అడుగుపెట్టిన నేలకు అప్పటికే తనదైన ఉద్యానజ్ఞానం ఉన్నది. రెండు సంప్రదాయాలు కలిసినప్పుడు మొక్కల జాబితా ఏమైందన్నదే అసలు ప్రశ్న.

3. హెరాత్ గ్రంథం: నాటడానికి ఒక పద్ధతి

చార్‌బాగ్ నాటకం గురించి మనకున్న అతిముఖ్యమైన లిఖిత ఆధారం 1515లో హెరాత్‌లో పారశీక భాషలో వెలువడిన ‘ఇర్షాద్ అల్-జిరాఅ’ అనే వ్యవసాయగ్రంథం. దీని రచయిత ఖాసిం బిన్ యూసుఫ్. గ్రంథంలో ఎక్కువ భాగం నేలలు, ధాన్యాలు, పండ్లచెట్ల సాగును వివరిస్తుంది. చివరి అధ్యాయం చార్‌బాగ్‌ను ఎలా వేయాలో చెబుతుంది. వ్యవసాయగ్రంథానికి తోట రూపకల్పన ముగింపు కావడం ఆ కాలపు దృష్టిని తెలుపుతుంది. తోట పొలం నుంచి విడివడిన అలంకారం కాదు, సాగుకు పరాకాష్ఠ.

ఆ అధ్యాయం ప్రకారం ప్రహరీ వెంట పాప్లర్ చెట్లు నిలువుగా ఎదిగి హద్దును ఏర్పరుస్తాయి. లోపల నీటికాలువ సాగుతుంది. ప్రధాన కాలువ పక్కన మూడాకుల క్లోవర్ గడ్డి పరచుకుంటుంది. దానిమ్మ, క్విన్స్, పీచ్, బేరి వంటి పండ్లచెట్లకు వేర్వేరు మళ్లు కేటాయింపబడతాయి. పూలమళ్లలో ఏవి ఎక్కడ అన్నదీ చెప్పబడుతుంది. తోట కొసన కట్టడం, దాని ముందు కొలను ఉంటాయి. ఎత్తు, మధ్యస్థం, నేలబారు అనే మూడు అంతస్తుల్లో మొక్కలను అమర్చిన తీరు ఇక్కడ స్పష్టం. అంచున ఎత్తైన చెట్టు, లోపలికి వచ్చేకొద్దీ చిన్న పండ్లచెట్టు, నీటి ఒడ్డున గడ్డి: చూపు కాలువ దిశగా తెరుచుకుంటుంది, గాలిదుమ్ము గోడ దగ్గర ఆగిపోతుంది.

ఈ సంప్రదాయం గ్రంథంలో ఆగిపోలేదు. హెరాత్‌లో ఉద్యానశిల్పిగా పేరుగాంచిన మీరక్-ఇ సయ్యద్ గియాస్ ఖాసిం బిన్ యూసుఫ్‌కు సమకాలికుడు. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి నిర్మాతగా చరిత్రకారుడు బదాయూనీ పేర్కొన్న మీరక్ మీర్జా గియాస్‌కు ఈ కుటుంబంతో గల సంబంధాన్ని మరియా ఇవా సబ్టెల్నీ వంటి పరిశోధకులు చర్చించారు. హెరాత్ మడి నుంచి ఢిల్లీ మడికి దారి వ్యక్తుల ద్వారానే ఏర్పడిందని దీనిని బట్టి ఊహించవచ్చు.

4. బాబర్: తోటను చూసే కన్ను

బాబర్ తన ఆత్మకథలో యుద్ధాలను ఎంత వివరంగా రాశాడో తోటలను అంత వివరంగా రాశాడు. జలాలాబాదు సమీపంలో 1508-09లో తాను వేయించిన బాగ్-ఎ వఫాలో నారింజ, దానిమ్మ సమృద్ధిగా ఉండేవని, కొలను చుట్టూ క్లోవర్ గడ్డి పరచుకుని ఉండేదని, నారింజలు రంగు తిరిగే కాలమే ఆ తోటకు అందమైన కాలమని చెప్పాడు. తరువాత అక్కడ చెరకు నాటించాడు. లాహోర్, దీపాల్‌పూర్ జయించిన ఏడాది అరటి మొక్కలను తెప్పించి నాటించాడు. రెండూ బాగా వచ్చాయని నమోదు చేశాడు. కాబూలు సమీపంలోని ఇస్తాలిఫ్ వద్ద వంకరగా పోయే వాగును తిన్నగా చేయించాడు. ఖ్వాజా సేహ్ యారాన్ ఊట దగ్గర అర్ఘవాన్ చెట్లు పూసినప్పటి దృశ్యానికి ప్రపంచంలో సాటి లేదన్నాడు. శరత్కాలంలో ఒక చిన్న ఆపిల్ మొక్క కొమ్మకొమ్మకూ అయిదారు ఆకులు క్రమంగా నిలిచి ఉండడాన్ని చూసి, చిత్రకారులు ఎంత ప్రయత్నించినా అలా గీయలేరని రాశాడు.

ఈ ఉల్లేఖనాలలో రెండు ధోరణులు కనిపిస్తాయి. వాగును సరిచేసేది జ్యామితి. ఆపిల్ ఆకులను లెక్కించేది మొక్కను ప్రేమించే దృష్టి. బాబర్ తోటల్లో ఈ రెండూ కలిసే ఉన్నాయి. 1590 ప్రాంతంలో అక్బర్ ఆస్థాన చిత్రకారులు బిషన్‌దాస్, నన్హా చిత్రించిన బాగ్-ఎ వఫా దృశ్యంలో ఒకడు గడులు గీసిన పలకను పట్టుకుని ఉంటాడు, పనివారు తాడుతో కొలుస్తుంటారు. అదే దృశ్యంలో దానిమ్మ, నారింజ చెట్లు విరగకాసి ఉంటాయి. తోట వేసిన ఎనభై ఏళ్లకు గీసిన ఆ చిత్రం ప్రత్యక్షసాక్ష్యం కాదు. అయితే పటమూ నాటకమూ ఒకే పని అని ఆ ఆస్థానం భావించినట్లు చెప్పడానికి అది చాలు.

1526లో పానిపట్టు విజయం తరువాత ఆగ్రాకు వచ్చిన బాబర్‌కు హిందుస్థానంలో ప్రవహించే నీరు లేకపోవడం పెద్దలోటుగా తోచింది. బావి నుంచి నీరు తోడించి కాలువలు పారించి యమున ఒడ్డున తోట వేయించాడు. ఆ తోటల్లో గులాబీ, నర్గిస్ వరుసలుగా నాటించానని రాశాడు. కాబూలు ద్రాక్షను, ఖర్బూజాను ఆ నేలలో పండించాడు. భారతీయ పుష్పాలుగా ఆయన ప్రత్యేకించి వర్ణించినవి మందారం, గన్నేరు, మొగలి, మల్లెజాతి మాత్రమే. కళ్లకు కొత్తదేశం కనిపిస్తున్నా, చేతులు పాతదేశపు మొక్కలనే నాటుతున్నాయి.

5. జహంగీర్ కాలం: మారిన జాబితా

ఎనిమిది దశాబ్దాల తరువాత బాబర్ మునిమనుమడు జహంగీర్ రాసుకున్న ఆత్మకథలో పరిస్థితి మారిపోయింది. పరిమళ పుష్పాల విషయంలో భారతదేశాన్ని ప్రపంచంలో దేనికంటెనైనా మిన్నగా ఎంచవచ్చునని ఆయన అభిప్రాయం. సంపెంగ, మొగలి, పొగడ, చమేలీలను పేరుపేరునా ప్రశంసించాడు. అదే చోట సైప్రస్, చినార్, తెల్లపాప్లర్ వంటివి హిందుస్థానంలో ఒకప్పుడు ఊహకు కూడా అందనివి, ఇప్పుడు సమృద్ధిగా ఉన్నాయని గర్వంగా చెప్పాడు. యూరోపియన్ల రేవుల నుంచి వచ్చిన అనాస ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేలసంఖ్యలో కాస్తున్నదని రాశాడు. ఆ గుల్ అఫ్షాన్ యమున ఒడ్డున బాబర్ వేయించిన తోటల వారసత్వానికి చెందినదే.

దీనిని బట్టి మొగలాయి తోట మధ్యాసియా నుంచి తెచ్చి పాతిన మార్పులేని నమూనా కాదని స్పష్టమవుతున్నది. పటం స్థిరంగా ఉన్నది, మొక్కల జాబితా మారుతూ వచ్చింది. ఆ మార్పు రుచికి సంబంధించినది మాత్రమే కాదు. రూపకల్పన విధానానికి సంబంధించినది. మధ్యాసియా తోటకు వసంతం పుష్పకాలం, శరత్తు ఫలకాలం. భారతీయ మైదానంలో ఋతుచక్రం వేరు. మల్లె వేసవిలో, అదీ సాయంవేళ విచ్చుకుంటుంది. మొగలి వానకాలపు పువ్వు. పొగడ ఏడాది పొడవునా ఆకులతో నిండి దట్టమైన నీడనిస్తుంది; రాలిన పూలు వాడినా వాసన పోదు. నీడ, పరిమళం రెండూ ఒకే చెట్టు నుంచి పొందగలగడం ఎండదేశపు తోటకు పెద్ద సౌలభ్యం. వేడిమి వల్ల ప్రభువులు తోటను సాయంత్రం, రాత్రి ఎక్కువగా అనుభవించే చోట రంగుకంటె పరిమళానికి ప్రాధాన్యం పెరగడం సహజం.

ఆర్థికాంశాన్ని కూడా విస్మరించరాదు. పండ్లచెట్లపై ‘సర్-దరఖ్తీ’ అనే పన్నును తన రాజ్యంలో వసూలు చేయడం లేదని, సాగుభూమిలో తోట వేసినవారి నుంచి శిస్తు తీసుకోరాదని ఆజ్ఞాపించానని జహంగీర్ రాశాడు. తోట ఆదాయవనరు కాకపోతే ఈ ఆజ్ఞకు అర్థం లేదు. చార్‌బాగ్ మడిలోని నారింజచెట్టు కంటికి బంగారు రంగు, ముక్కుకు పూతవాసన, ఖజానాకు ఆదాయం. దానిని అలంకారవృక్షం అని గానీ ఫలవృక్షం అని గానీ విడదీయడం తరువాతి కాలపు ఆలోచన.

6. తాజ్ తోట: ఆధారాల పరిమితులు

తాజ్‌మహల్ తోట మొక్కల చరిత్రకు అత్యంత విలువైన ఉదాహరణ. 1663లో రాసిన లేఖలో ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియర్ ప్రధానమార్గానికి ఇరువైపులా పల్లపు మట్టంలో చెట్లు కప్పిన దారులను, పూలతో నిండిన మళ్లను చూసినట్లు చెప్పాడు. ‘పల్లపు మట్టం’ అన్న మాట కీలకమైనది. దారి ఎత్తులో, మడి పల్లంలో ఉంటే కాలువ నీరు మడిలోకి తేలికగా పారుతుంది. నడిచేవాని చూపు పూతకొమ్మల ఎత్తుకు వస్తుంది. అందనంత ఎత్తులో ఉండవలసిన పువ్వు, పండు చేతికందే దూరంలో ఉంటాయి. నేటి సందర్శకుడు చాలాచోట్ల దారికి దాదాపు సమమట్టంలో పచ్చికను చూస్తాడు. అక్కడ పాదానికీ కొమ్మకూ గల ఆ సంబంధం లేదు.

యమునకు ఆవలి ఒడ్డున గల మెహతాబ్ బాగ్ మరొక పాఠం చెబుతుంది. 1652 డిసెంబరులో ఔరంగజేబు తండ్రి షాజహానుకు రాసిన లేఖలో ఆ తోట వరదలో మునిగి శోభ కోల్పోయిందని తెలిపాడు. తరువాతి శతాబ్దాలలో అది ఒండ్రుమట్టి కింద మరుగునపడింది. 1990లలో భారత పురావస్తుశాఖ తవ్వకాలు, ఎలిజబెత్ మొయినిహాన్ నేతృత్వంలో వెలువడిన 2000 నాటి అధ్యయనం అక్కడి అష్టభుజి కొలనును వెలుగులోకి తెచ్చి, వెన్నెలలో తాజ్ ప్రతిబింబాన్ని చూసేందుకు ఉద్దేశించిన తోటగా దానిని గుర్తించాయి. మట్టి నమూనాలలోని వృక్షావశేషాల పరిశీలన కూడా జరిగింది.

అయితే మట్టి సాక్ష్యానికి కూడా పరిమితి ఉన్నది. కాలిన విత్తనాలు, కొయ్యబొగ్గు వందల ఏళ్లు నిలుస్తాయి. కొమ్మ అంటుతో పెంచే ముద్దమల్లె విత్తనం కట్టడం అరుదు; అందువల్ల తవ్వకంలో దాని జాడ దొరకకపోవడం తోటలో అది లేదనడానికి రుజువు కాదు. ప్రభువు రాత తనకు నచ్చినదానినే చెబుతుంది. యాత్రికుని రాత ఒక్కనాటి చూపు. చిత్రం ఆదర్శాన్ని చూపుతుంది. ఈ మూడింటినీ మట్టితో సరిపోల్చి చదవడం తప్ప వేరు మార్గం లేదు.

7. పచ్చిక ప్రవేశం

1789లో ఆగ్రాను సందర్శించిన ఆంగ్ల చిత్రకారులు థామస్ డానియెల్, విలియం డానియెల్ 1801లో ప్రచురించిన తాజ్ దృశ్యంలో తోట దట్టమైన చెట్లతో నిండి కనిపిస్తుంది. ఆ దట్టదనంలో కొంత నిర్లక్ష్యం ఫలితం కావచ్చు. కానీ చెట్ల మధ్య నుంచి కట్టడం కొద్దికొద్దిగా కనిపించడం పాత అనుభవానికి దగ్గరగా ఉన్నది. 1899 నుంచి 1905 వరకు వైస్రాయిగా ఉన్న కర్జన్ పురావస్తుశాఖను పునరుజ్జీవింపజేసి, తాజ్ పరిరక్షణకు నిధులు, శ్రద్ధ సమకూర్చాడు. ఆ కృషి విలువైనదే. అదే కృషిలో భాగంగా కట్టడం ద్వారం నుంచే పూర్తిగా కనిపించేలా చెట్లను పలుచన చేశారు, పచ్చికను విస్తరించారు. తోట కట్టడానికి పీఠంగా మారింది.

హుమాయూన్ సమాధి తోటలోనూ ఇటువంటి పరిణామమే జరిగింది. మొగలాయి అధికారం క్షీణించాక ఆ మళ్లలో కూరగాయలు పండించారు. 19వ శతాబ్ది మధ్యలో ఆంగ్లపద్ధతి గుండ్రని పూలమళ్లు వచ్చాయి. 20వ శతాబ్ది ఆరంభంలో కర్జన్ ఆదేశాలతో కాలువల రేఖలను తిరిగి తీశారు. పటం తిరిగి వచ్చింది, నాటకం రాలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మాంశాన్ని గుర్తించాలి. ఉత్తర భారతంలో పచ్చికకు ఎక్కువగా వాడే గడ్డి గరిక. అది మన వినాయకచవితి పత్రిలోనిదే, పరాయి మొక్క కాదు. పరాయిది దానిని వాడిన తీరు. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డికోత యంత్రాన్ని రూపొందించిన తరువాత ఒకే ఎత్తున కత్తిరించిన పచ్చిక అక్కడ విరివిగా సాధ్యమైంది. ఆ దేశపు వానకు, చల్లదనానికి తగిన రూపం అది. క్లోవర్ గడ్డి బాబర్ తోటలో కొలను ఒడ్డున చెట్టునీడలో కూర్చునే చోటు. నేటి పచ్చిక ఎండలో పరచి ఉండే, చాలాచోట్ల అడుగుపెట్టరాదన్న పలకతో కాపాడే చూపువస్తువు. ఒక మొక్క స్వదేశీయమా విదేశీయమా అన్నదానికంటె, ఆ చోట దానికి ఏ పని అప్పగించారన్నది చరిత్రకారునికి ముఖ్యం.

ఈ కొత్తరూపానికి స్థిరమైన ప్రతిష్ఠ కల్పించినది న్యూఢిల్లీ వైస్రాయి భవనంలో లుటియన్స్ రూపొందించిన తోట. ఉద్యానాధికారి డబ్ల్యు. ఆర్. మస్టో 1928-29లో అక్కడ మొక్కలు నాటించాడు. కాలువల అమరిక మొగలాయిలది. పచ్చిక, చలికాలపు వార్షిక పుష్పాల మళ్లు ఆంగ్లేయులవి. 2023లో అమృత్ ఉద్యాన్‌గా పేరు మారేంతవరకు అది ‘మొఘల్ గార్డెన్స్’గానే ప్రసిద్ధం. మొగలాయి తోట అనగానే సామాన్యుని మనసులో మెదిలే చిత్రంలో మొక్కలు చాలావరకు ఈ తోట నుంచి వచ్చినవే.

8. దక్కనీ సందర్భం

దక్కనులో ఆధారాల స్వభావం కొంత భిన్నం. ఇక్కడ ప్రభువుల ఆత్మకథలు లేవు, కవిత్వం ఉన్నది. 1591లో హైదరాబాదును స్థాపించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ ఉర్దూలో తన తోటను వర్ణిస్తూ ద్రాక్ష, దానిమ్మ, ఖర్జూరాలతో పాటు కొబ్బరి, పోక, నేరేడులను చేర్చాడు. పారశీక కావ్యరీతికి మొదటి మూడు పరిచితాలు. తరువాతి మూడు ఈ నేలవి. కోనసీమ నుంచి తెలంగాణ దాకా తెలుగువారి పెరళ్లలో కనిపించే చెట్లు రాజోద్యాన వర్ణనలో చోటు పొందడం సామాన్యవిషయం కాదు. దక్కనీ ఉర్దూ సాహిత్యంలోని తోటల వర్ణనలను అధ్యయనం చేసిన అలీ అక్బర్ హుసేన్ 2000లో ప్రచురించిన గ్రంథానికి పరిమళమే ప్రధానాంశం కావడం కూడా ఈ సందర్భంలో గుర్తించదగినది. ఇక్కడి కవులు తోటను రంగుతో పాటు వాసనతో చూశారు.

17వ శతాబ్దిలో హైదరాబాదు వచ్చిన ఫ్రెంచి యాత్రికులు రాజప్రాసాదం డాబాల మీద పెద్ద చెట్లు పెరుగుతుండడం చూసి ఆశ్చర్యపడ్డారు. కింది కమానులు అంత బరువును ఎలా మోస్తున్నాయన్నది వారి విస్మయం. ఇది మొక్కను నిర్మాణసామగ్రిగా పరిగణించడానికి పరాకాష్ఠ. చెట్టు బరువు, వేళ్ల పరిమాణం, మట్టి లోతు, నీటి పారుదల లెక్కించకుండా ఆ డాబా కట్టడం అసాధ్యం. గోల్కొండ నయాఖిల్లాలోని ఏనుగు చెట్టు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన బాబాబ్, ఆ కాలపు సముద్రసంబంధాలకు సజీవసాక్షిగా నేటికీ నిలిచి ఉన్నది. తోటలోని సామగ్రిలో నాలుగు శతాబ్దాలు దాటి నిలిచే మొక్క ఎంత అరుదో అది గుర్తుచేస్తుంది.

9. పునరుద్ధరణకు ప్రమాణాలు

ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, భారత పురావస్తుశాఖ కలిసి 2003లో పూర్తిచేసిన హుమాయూన్ సమాధి తోట పునరుద్ధరణలో కాలువల్లో నీరు తిరిగి పారింది. మామిడి, నిమ్మ, వేప, మందారం, మల్లెలను నాటారు. 2013లో అదే సంస్థ హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో పనులు ప్రారంభించింది. అక్కడి బావుల పునరుద్ధరణ తోటచరిత్ర దృష్ట్యా ముఖ్యమైనది. నీటి వనరు లేకుండా నాటకం గురించి మాట్లాడడం వ్యర్థం.

ఇటువంటి సందర్భాలలో మొక్కల ఎంపికకు స్వదేశీయత ఒక్కటే ప్రమాణం కాజాలదు. అనాస అమెరికా ఖండపు మొక్క. అయినా జహంగీర్ తోటలో దానికి లిఖిత ఆధారం ఉన్నది. కాగితంపూల తీగ కూడా దక్షిణ అమెరికాదే. ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులు దానిని బ్రెజిల్‌లో నమోదు చేసినదే 1760లలో. మడగాస్కర్‌కు చెందిన ఎర్రతురాయి వృక్షశాస్త్రంలోకి ప్రవేశించినది 19వ శతాబ్దిలో. కుతుబ్‌షాహీల పాలన 1687లో ముగిసింది. కాబట్టి వారి కట్టడం ముందు కాగితంపూల తీగ ఎంత అందంగా పూసినా, అది కాలవిరోధమే. వెన్నెలతోట అనగానే రాత్రిరాణిని నాటే అలవాటును కూడా ఇలాగే పరీక్షించాలి. అదీ అమెరికా ఉష్ణమండలపు మొక్కే. తెల్లవారకముందే రాలే పారిజాతానికి ఈ నేలలో అంతకంటె ప్రాచీనమైన హక్కు ఉన్నది. మొక్క ఎక్కడిది అన్న ప్రశ్న కంటె, అది ఎప్పుడు వచ్చింది, ఏ పనికి వచ్చింది అన్న ప్రశ్నలు మనకు ఉపకరిస్తాయి.

10. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. చార్‌బాగ్‌లో మొక్కల ఎంపిక, అమరిక ఆలోచించి చేసిన రూపకల్పన. ‘ఇర్షాద్ అల్-జిరాఅ’ దానికి లిఖిత ప్రమాణం. అటువంటి జ్ఞానం భారతదేశంలో ‘బృహత్సంహిత’ నాటికే ఉన్నది.

2. బాబర్ నుంచి జహంగీర్ వరకు పటం స్థిరంగా ఉన్నా మొక్కల జాబితా స్థానికమవుతూ వచ్చింది. దక్కనులో ఆ ధోరణి కొబ్బరి, పోక, నేరేడులతో వ్యక్తమైంది.

3. నీడ, పరిమళం, ఫలం, ఆదాయం ఒకే చెట్టులో కలిసి ఉన్నాయి. వలసపాలన కాలపు పచ్చిక ఆ కలయికను విడదీసి తోటను కట్టడానికి దృశ్యపీఠంగా మార్చింది.

4. పునరుద్ధరణలో ప్రతి మొక్కకూ కాలప్రమాణం, పనిప్రమాణం రెండూ చూడాలి. రాత, చిత్రం, మట్టి అనే మూడు ఆధారాలను సరిపోల్చాలి.

దక్కనీ తోటల మొక్కల చరిత్రకు తెలుగు వైపు నుంచి జరగవలసిన పని చాలా ఉన్నది. కైఫీయత్తులలో, ఇనాం దస్తావేజులలో, ప్రబంధాల ఉద్యానవర్ణనలలో పేర్కొన్న చెట్లను ప్రాంతాలవారీగా, కాలాలవారీగా సేకరిస్తే కుతుబ్‌షాహీ తోటలకు ఈ నేల ఇచ్చినదేమిటో తెలుస్తుంది. వృక్షశాస్త్ర శాఖలు, తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు కలిసి చేయదగిన పరిశోధన ఇది. పునరుద్ధరించే తోటల్లో గుంతలు నేడే తవ్వుతున్నారు. ఆ గుంతలో ఏ మొక్క నాటితే రాబోయే తరం దానినే చరిత్రగా నమ్ముతుంది.